చవక చైనా ఇంకు పెన్నులు: మన తెలుగుకు, మన ఎండలకు ఏవి నిలుస్తాయి?

పరకాల దగ్గర సర్కారు బడిలో తెలుగు చెప్పే సార్ ఒకరు అడిగారు: "రెండు వేలలోపు చైనా ఇంకు పెన్నులు కొందామనుకుంటున్నాను. జిన్‌హావో, వింగ్ సంగ్, హీరో అని చాలా కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి? మన ఎండలకు లీకవుతాయా? ఏ ఇంకు పొయ్యాలి? నాన్న వాడిన పాత హీరో పెన్ను ఒకటి ఇంట్లో ఉంది, పనికొస్తుందా? మెల్లగా కలెక్షన్ కూడా చేయాలని ఉంది."

సార్, నమస్తే. నాది హన్మకొండ. చాలా ఏళ్లుగా ఈ పెన్నులతోనే రాస్తున్నాను, తెలిసినవాళ్లు తెచ్చిస్తే పాళీలు సరిచేసి ఇస్తుంటాను. ఏది కొనాలన్నది చెప్పడం సులువే. దానికి ముందు తెలియాల్సిన సంగతి ఒకటుంది. నాలుగైదు వందలకు వచ్చే చైనా పెన్నులో బాడీ, మూత, రంగు, క్లిప్పు అన్నీ ధరకు మించి బాగుంటాయి. డబ్బు ఆదా అయ్యేది ఎక్కడంటే, ఒక్కో పాళీని చేత్తో పట్టుకుని రాసి చూసి, తేడా ఉంటే సరిచేసి పంపే దగ్గర. ఈ ధరలో ఆ పని జరగదు. అందుకే ఒకే మోడల్ పెన్నులు రెండు తెప్పిస్తే ఒకటి హాయిగా రాస్తుంది, రెండోది కాగితాన్ని గీరుతుంది. ఒకే పెన్ను గురించి ఒకరు ఆహా ఓహో అని, ఇంకొకరు డబ్బు దండగ అని రాయడానికి కారణం ఇదే. ఫ్యాక్టరీలో ఆగిపోయిన ఆ చివరి పని ఇంట్లో కూర్చుని మనమే చేసుకోవచ్చు. అది చేతికొస్తే చవక పెన్నుల్లో చాలావరకు బాగుపడతాయి. రాకపోతే ఎన్ని కొన్నా మన అదృష్టం ఎలా ఉంటే అలా.

మొదట పాళీ సైజు. చైనా పెన్నుల్లో ఎక్కువగా ఎక్స్‌ట్రా ఫైన్, ఫైన్, మీడియం దొరుకుతాయి. కొన్నింటి మీద 0.38, 0.5 అని మిల్లీమీటర్లలో ఉంటుంది. 0.38 అంటే ఎక్స్‌ట్రా ఫైన్, 0.5 అంటే ఫైన్ అనుకోండి. వాళ్ల లిపిలో ఒక చిన్న గడిలో పది పదిహేను గీతలు పట్టించాలి కాబట్టి సన్న పాళీలకు అక్కడ గిరాకీ ఎక్కువ. ఇది మనకు కలిసొచ్చే విషయం. తెలుగులో ద కీ ధ కీ, ప కీ ఫ కీ తేడా అడుగున వేసే చిన్న గీతే కదా. మీడియం పాళీలో ధారాళంగా ఇంకు దిగితే ఆ గీత అక్షరం పొట్టలో కలిసిపోతుంది. ‘స్వాతంత్ర్యం’ అని రాసి చూడండి. త కింద రావత్తు, దాని పక్కన యావత్తు, ఇవన్నీ రూళ్ల బుక్కులో ఒక గీతకూ ఇంకో గీతకూ మధ్య పట్టాలి. ఫైన్ అయితే విడివిడిగా కనపడతాయి. మీడియం అయితే ఒత్తులు మరకలవుతాయి. ఇంగ్లీషులో సంతకాలు పెట్టేవాళ్లకు మీడియం, బ్రాడ్ బాగుంటాయి. తెలుగు పేజీలు పేజీలు రాసే మీలాంటివాళ్లు ఫైన్‌తో మొదలుపెట్టండి.

మరీ సన్నదానికి పోవడం కూడా నాకు ఇష్టం లేదు. మన తలకట్టు గమనించారా? పాళీని కొంచెం కిందికి దించి, వెంటనే కుడివైపు పైకి తోస్తాం. ఆ పైకి తోసే గీతలోనే పాళీ కొన కాగితం నారలో ఇరుక్కుంటుంది. కిందికి లాగే గీతలకు ఏ పాళీ అయినా సరిగానే నడుస్తుంది. పైకి తోసే గీతలు, గుండ్రటి మలుపులు, ఇవీ పాళీకి అసలు పరీక్ష. తెలుగులో అవే ఎక్కువ. ఎక్స్‌ట్రా ఫైన్ కొన మరీ చిన్నది కాబట్టి దానిలో చిన్న వంకర ఉన్నా చేతికి తెలిసిపోతుంది. కొత్త పెన్ను రాగానే మన పెద్దవాళ్లు ముందు ‘శ్రీ’ రాసి చూసేవాళ్లు. దాని తర్వాత ఒక వరసంతా తలకట్టుతో క, ర, స, ధ రాయండి. ఆ వరస సాఫీగా పోయిందంటే మిగతా పేజీ కూడా పోతుంది.

ఇక పేర్లు. మీ రెండు వేలలో మొదటి పెన్నుగా జిన్‌హావో ఎక్స్750 తీసుకోండి. ధర అమ్మేవాళ్లను బట్టి మారుతుంది గానీ మామూలుగా ఐదారు వందల లోపే ఉంటుంది. లోహపు బాడీ, నొక్కితే పడే మూత, 6వ నంబర్ అని పిలిచే పెద్ద పాళీ. నేను దీన్నే చెప్పడానికి కారణం ఆ పాళీ. అది, దాని కింద ఉండి ఇంకు అందించే ముక్క (ఫీడ్ అంటారు), రెండూ బిగువు మీద కూర్చుని ఉంటాయి. గట్టిగా పట్టుకుని నిటారుగా లాగితే వచ్చేస్తాయి, కడిగి మళ్లీ పెట్టుకోవచ్చు. పాడైతే వేరే కంపెనీ 6వ నంబర్ పాళీ కొని వేసుకోవచ్చు. మన దేశంలో కాన్‌రైట్ వాళ్లవి విడిగా దొరుకుతాయి. ఎక్స్450 కూడా ఇదే జాతి, కానీ వేళ్లు పట్టుకునే చోట పలకలు చెక్కి ఉంటాయి. పెన్నును కొంచెం తిప్పి పట్టుకునే అలవాటున్న వాళ్లకు అది నొప్పి పెడుతుంది. అందుకే తెలియనివాళ్లకు ఎక్స్450 చెప్పను.

జిన్‌హావో 159 చూడగానే మనసు లాగుతుంది. లావు, నలుపు, మరమూత, చేతిలో పెట్టుకుంటే పెద్ద ఆఫీసరు పెన్నులా ఉంటుంది. బరువు దాదాపు 50 గ్రాములు. సంతకాలకు సరే గానీ, పాఠం నోట్సు నాలుగు పేజీలు రాశాక బొటనవేలి కింద నొప్పి మొదలవుతుంది. ఆ లావే కావాలంటే ఎక్స్159 తీసుకోండి. అది ప్లాస్టిక్, బరువు బాగా తక్కువ, పాళీ ఇంకా పెద్దది, 8వ నంబర్. ఎక్కువ సేపు రాసేవాళ్లకు నేను ఈ మధ్య ఎక్కువగా చెప్తున్నది ఇదే.

రెండో పెన్నుగా వింగ్ సంగ్ 3008. ఎక్స్750లో ఉన్నట్టు విడిగా ఊడొచ్చే ఇంకు గొట్టం, అంటే కన్వర్టర్, దీనిలో ఉండదు, బాడీయే ఇంకు ట్యాంకు. వెనక గుండీ తిప్పితే లోపల పిస్టన్ కదిలి ఇంకు పీలుస్తుంది. బాడీ అద్దంలా కనపడుతుంది కాబట్టి ఎంత మిగిలిందో తెలుస్తుంది. దీని పాళీ జర్మనీ లామీ సఫారీ పాళీ పద్ధతిలోనే ఉంటుంది, కాబట్టి తర్వాత ఎప్పుడైనా అసలు లామీ పాళీ కొని దీనికే తొడగొచ్చు. ఈ రెండూ కలిపినా రెండు వేలకు చాలా మిగులుతుంది. మిగిలిన దాంట్లో ఒక మంచి ఇంకు సీసా, ఒక భూతద్దం కొనండి.

పిల్లలకు ఇవ్వాలంటే జిన్‌హావో 993, అదే షార్క్ పెన్ను. మూత సొరచేప ఆకారంలో ఉంటుంది, తేలిక, చవక, సన్నగా రాస్తుంది. పదో తరగతి పిల్లల చేతికి బాగుంటుంది. కాకపోతే మొదటి రోజే ఒక మాట చెప్పండి: బాల్ పెన్నును నొక్కినట్టు దీన్ని నొక్కొద్దని. బాల్ పెన్నులో గోళీ తిరగాలంటే నొక్కాలి. ఇంకు పెన్నులో పాళీ మధ్య సన్న చీలికలోంచి ఇంకు తనంతట తానే దిగుతుంది, పాళీ కాగితాన్ని తాకితే చాలు. నొక్కేకొద్దీ చీలిక విచ్చుకుని రెండు రెక్కలు ఎడం అయిపోతాయి. బడిలో ఇంకు పెన్నులు పాడవడానికి మొదటి కారణం ఇదే.

పాళీ మీద అక్షరాలు చూసి మోసపోవద్దు. జిన్‌హావో పాళీల మీద ‘18కేజీపీ’ అని చెక్కి ఉంటుంది. 18 క్యారెట్ల బంగారు పాళీ అని అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. ఆ చివరి రెండక్షరాలకు అర్థం బంగారు పూత అని. లోపల ఉన్నది స్టీలు. రాత విషయంలో దీనివల్ల నష్టమేమీ లేదు, ఎందుకంటే కాగితాన్ని తాకేది కొన మీద అతికించిన గట్టి లోహపు గుండు. అది బంగారు పాళీకైనా స్టీలు పాళీకైనా విడిగా అతికించేదే.

పోలికల గొడవ కూడా ఇక్కడే చెప్పేస్తాను. వింగ్ సంగ్ 601, హీరో 616 చూస్తే 1941లో వచ్చిన పార్కర్ 51 గుర్తొస్తుంది. 159 చూస్తే మాంట్ బ్లాంక్ 149. జిన్‌హావో 599 చూస్తే లామీ సఫారీ. ఆకారం తీసుకుని తమ పేరు తాము వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు, కొనేవాడికి తెలిసే కొంటున్నాడు. పార్కర్ అనో మాంట్ బ్లాంక్ అనో పేరు చెక్కి మూడొందలకు అమ్మేది మాత్రం అచ్చంగా నకిలీ. అలాంటిది ఎంత అందంగా ఉన్నా మీ డబ్బాలోకి రానివ్వకండి.

ఇప్పుడు ఇంట్లో చేసుకునే పని. పెన్ను రాగానే ఇంకు పొయ్యకండి. తయారీలో వాడిన నూనె జిడ్డు ఫీడ్ సందుల్లో ఉంటుంది. ఆ జిడ్డుకు ఇంకు పారదు, రెండు లైన్లు రాసి ఆగిపోతుంది. ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, కన్వర్టర్‌తో లోపలికి పీల్చి బయటికి వదలండి. నురగ పోయేదాకా మామూలు నీళ్లతో కడగండి. వేడి నీళ్లు వద్దు, ఫీడ్ ప్లాస్టిక్, వంగిపోతుంది. మనవైపు బోరు నీళ్లలో లవణాలు ఎక్కువ. ఆ నీళ్లు ఆరాక తెల్ల పొర మిగులుతుంది, అది ఫీడ్ సందుల్లో చేరితే ఇంకు దారి మూసుకుపోతుంది. చివరి రెండు సార్లు తాగే ఫిల్టర్ నీళ్లతో కడగండి.

కడిగి ఆరాక పాళీని చూడాలి. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి పెట్టుకునే పది రెట్ల భూతద్దం ఉంటుంది చూడండి, అదొకటి తెచ్చుకోండి. వెలుతురులో కూర్చుని పాళీ కొనను మీ కంటివైపు తిప్పి, సూటిగా ఎదురుగా చూడండి. రెండు చిన్న గుండ్లు పక్కపక్కన కనపడతాయి, మధ్యలో జుట్టంత సందు. రెండూ ఒకే ఎత్తులో ఉంటే అదృష్టం. చవక పెన్నుల్లో చాలాసార్లు ఒకటి కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందికి ఉంటాయి. కాగితం మీద కిందికి ఉన్న అంచే కత్తిలా తగులుతుంది. ఏ వైపు గీత గీస్తే గీరుతుందో చూస్తే కూడా ఏది కిందికి ఉందో తెలిసిపోతుంది: ఎడమ రెక్క కిందికి ఉంటే ఒక దిక్కు, కుడి రెక్క కిందికి ఉంటే ఇంకో దిక్కు పట్టుకుంటుంది.

సరిచేయడానికి గోరు చాలు. పైకి ఉన్న రెక్క మీద, కొన మీద కాదు, కొనకు కొంచెం వెనక బొటనవేలి గోరు పెట్టి మెల్లగా కిందికి ఒత్తి, రెండు మూడు అంకెలు లెక్కపెట్టి వదలండి. మళ్లీ భూతద్దంలో చూడండి. స్టీలు కాబట్టి కొంత వెనక్కి లేస్తుంది. మళ్లీ ఒత్తండి, ఈసారి ఇంకాస్త. ఒక్క దెబ్బకు అయిపోవాలని గట్టిగా వంచితే పాళీ ఒంకరపోతుంది. రెండు గుండ్లు ఒకే మట్టానికి వచ్చాక ఇంకు పోసి రాయండి. గీరుడు సమస్యల్లో చాలావరకు ఇక్కడితోనే తీరిపోతాయి, గరుకు కాగితం జోలికి పోవాల్సిన అవసరమే రాదు.

గీరకుండా రాస్తూ, ఇంకు మాత్రం సన్నగా దిగుతుంటే సందు బిగుసుకుని ఉందని అర్థం. పలచటి ఇత్తడి రేకు ముక్క, కాగితంలా వంగేది తీసుకుని సందులో పైనుంచి కిందికి నాలుగైదుసార్లు ఆడించండి. స్టీలు బ్లేడు పెట్టొద్దు, లోపలి అంచులు గీసుకుపోతాయి. ఇక ప్రతి అక్షరం మొదట్లో ఇంకు రాక, తర్వాత బాగా రాస్తుందంటే, గుండు లోపలి అంచుల్ని ఎక్కువ గుండ్రం చేసేయడంతో సందు కాగితాన్ని తాకడం లేదని అర్థం. దీనికి 12000 నంబర్ మైక్రోమెష్ అనే అతి మెత్తటి సాన కాగితం మీద ఇంకుతోనే, బరువు పెట్టకుండా, ఎనిమిది ఆకారంలో నాలుగైదు చుట్లు తిప్పి ఆపి రాసి చూడాలి. తీసిన లోహం మళ్లీ రాదు, కాబట్టి తొందర వద్దు. మీ మొదటి పెన్ను మీద ఈ చివరి పని చేయకండి. చేయి తిరిగినవాళ్లతో చేయించుకోవడమే మంచిది.

ఎండ సంగతి. మీ భయం నిజమే, కానీ లెక్క తెలిస్తే టెన్షన్ ఉండదు. ఇంకు పెన్ను లీకవడం అంటే చాలాసార్లు పెన్ను పగలడం కాదు, లోపలున్న గాలి వేడికి సాగి ఇంకును బయటికి తొయ్యడం. స్టాఫ్ రూంలో 30 డిగ్రీల దగ్గరున్న పెన్నును మే నెలలో బండి మీద జేబులో పెట్టుకుని పోతే 45 అవుతుంది. ఆ తేడాకు లోపలి గాలి 5 శాతం దాకా పెరుగుతుంది, తేమ ఆవిరి కూడా కలిస్తే ఇంకాస్త ఎక్కువే. సగం ఖాళీ అయిన కన్వర్టర్‌లో గాలి అర మిల్లీలీటరు కూడా ఉండదు. దానిలో 5 శాతం అంటే చుక్కలో సగం. ఫీడ్ కింద పక్కటెముకల్లా ఉండే సందులు ఉన్నది ఇందుకే, ఆ సగం చుక్కను అవి పట్టుకుంటాయి. అదే బాడీ నిండా ఇంకు పోసుకునే పెన్ను సగం ఖాళీ అయిందనుకోండి, లోపల గాలి మిల్లీలీటరున్నర ఉంటుంది. అప్పుడు బయటికి వచ్చేది చుక్కన్నర. అది ఫీడ్‌లో పట్టదు, మూతలోకి కక్కుతుంది. మూత తీయగానే చొక్కా పాడు.

కాబట్టి మార్చి నుంచి జూన్ దాకా జేబులో పెట్టుకుని తిరిగే పెన్ను కన్వర్టర్‌ది ఉండాలి. ఎక్స్750 ముందు చెప్పడానికి ఇదీ ఒక కారణం. 3008 లాంటి పిస్టన్ పెన్ను టేబుల్ దగ్గర ఉంచుకోండి, బయటికి తీసుకెళ్తే నిండుగా నింపి తీసుకెళ్లండి. గాలి ఎంత తక్కువుంటే అంత మేలు. పెన్ను ఎప్పుడూ పాళీ పైకి ఉండేలా పెట్టుకోవాలి. అప్పుడు గాలి సాగినా బయటికి పోయేది గాలే. బండి డిక్కీలో మాత్రం ఏ పెన్నూ వద్దు. రోజూ పరకాల నుంచి బస్సులో తిరుగుతాను, ఎక్కువ ఇంకు కావాలి అంటే, వెనక కడ్డీని లాగి తోస్తే ఇంకు నిండే వాక్యూమ్ పెన్నులు చూడండి: వింగ్ సంగ్ 699, పెన్‌బీబీఎస్ 456. వీటి వెనక గుండీ బిగిస్తే ట్యాంకు నుంచి పాళీకి దారి మూసుకుపోతుంది. రాసేటప్పుడు రెండు చుట్లు వదులు చేసుకోవాలి. ఎండకాలం ప్రయాణానికి ఇంతకు మించిన ఏర్పాటు నాకు కనపడలేదు. ధర మాత్రం మీ బడ్జెట్ అంచుకు వస్తుంది, కొన్నిచోట్ల దాటుతుంది.

ఎండలో ఇంకో ఇబ్బంది, మూతలో పెన్ను ఎండిపోవడం. మూత లోపల ఇంకో చిన్న మూత ఉండి పాళీని గాలి తగలకుండా మూస్తేనే ఇంకు తడిగా ఉంటుంది. ఇది ఒక్కో పెన్నుకు ఒక్కోలా ఉంటుంది. ఇంకు పోసి మూడు రోజులు ముట్టకుండా పక్కన పెట్టి, తర్వాత రాసి చూడండి. మొదటి అక్షరం నుంచే రాస్తే ఆ మూత మంచిది. నొక్కుడు మూతల కంటే మరమూతలు సాధారణంగా మెరుగు.

ఇంకు విషయంలో మన దేశీ ఇంకులే చాలు. కామెల్, బ్రిల్, సులేఖ, కృష్ణ, వీటిలో ఏది దొరికితే అది. కామెల్ అయితే హన్మకొండ చౌరస్తాలో స్టేషనరీ షాపుల్లో అడిగితే దొరుకుతుంది. అడిగేటప్పుడు ఇంకు పెన్నులో పోసే ఇంకు అని స్పష్టంగా చెప్పండి. అదే కంపెనీ డ్రాయింగ్ ఇంకు కూడా సీసాలోనే వస్తుంది. అది ఆరితే నీళ్లకు కరగదు, ఫీడ్‌లో ఎండితే ఆ పెన్ను అంతటితో సరి. స్టాంప్ ప్యాడ్ ఇంకు కూడా వద్దు. రోజూ రాసుకోవడానికి రాయల్ బ్లూ మంచిది, పెన్నులోంచి సులువుగా కడుక్కోవచ్చు. కానీ అది నీళ్లు పడితే చెదిరిపోతుంది కాబట్టి హాజరు పట్టీకి, రిజిస్టర్లకు పర్మనెంట్ నలుపో బ్లూ బ్లాకో వాడండి. ఓఎంఆర్ షీట్లకు, కార్బన్ పెట్టి రాసే వాటికి ఇంకు పెన్ను పనికిరాదు, బాల్ పెన్నే.

మీరు నోటుబుక్కులు దిద్దుతారు కాబట్టి ఎర్ర ఇంకు గురించి విడిగా చెప్పాలి. దానికి ఒక పెన్నును శాశ్వతంగా కేటాయించండి, అది అద్దంలా కనపడే బాడీ కాకూడదు. ఎర్ర రంగు ప్లాస్టిక్‌లో పట్టుకుంటే ఎంత కడిగినా గులాబీ ఛాయ మిగిలిపోతుంది. ఒక రంగు తీసి ఇంకో రంగు పోసేటప్పుడు తెల్ల కాగితం మీద చిమ్మితే నీళ్లే రావాలి, అప్పటిదాకా కడగాలి. రెండు కంపెనీల ఇంకులు కలిస్తే కొన్నిసార్లు అడుగున మడ్డి దిగుతుంది.

కాగితం విషయం క్లుప్తంగా చెప్తాను. పిల్లల పల్చటి లాంగ్ బుక్కుల్లో ఇంకు పాకుతుంది, అవతలి పక్కకు దిగుతుంది. ఫైన్ పాళీ ఉంటే ఆ బాధ సగం తగ్గుతుంది. జిరాక్సు కాగితం కూడా పీలుస్తుంది. మీ సొంత నోట్సుకు 80 జీఎస్ఎం దాటిన, నున్నటి కాగితం ఉన్న బుక్కు ఒకటి పెట్టుకోండి. కొనేముందు షాపులో చివరి పేజీ మూలన ఒక అక్షరం రాసి వెనక్కి తిప్పి చూస్తే చాలు.

మీ నాన్నగారి హీరో పెన్ను గురించి. హీరో కంపెనీ మూలాలు షాంఘైలో 1931 నాటివి. అప్పట్లో హువాఫు అనే పేరుతో మొదలైంది. మన ఇళ్లలో ఎక్కువగా కనపడేది 616 లేదా 329: పాళీ చాలావరకు కవచం లోపల దాగి ఉండి కొన మాత్రమే బయటికి కనపడుతుంది, మూత తెల్లటి లోహం. అలాంటిదే అయితే పారెయ్యకండి. పాళీ లోపల ఉంటుంది కాబట్టి పాఠం మధ్యలో మూత తీసి ఉంచినా తొందరగా ఆరదు, టీచర్లకు బాగా పనికొచ్చే గుణం ఇది. రాత కూడా సన్నగా ఉంటుంది.

దాన్ని బతికించే పద్ధతి ఇది. వెనక భాగం మర విప్పితే లోపల లోహపు గొట్టం, దానిలో ఇంకు సంచి కనపడతాయి. కొనను చల్లటి నీళ్లలో ముంచి ఆ గొట్టం మీదున్న రేకును మెల్లగా నొక్కి వదలండి. నీళ్లలో నీలం రంగు దిగడం మొదలైతే శుభం. అలాగే కొన మునిగేటట్టు రాత్రంతా నానబెట్టి, తెల్లారి నీళ్లు మార్చండి. పాత ఇంకు గట్టిపడి ఉంటే ఇలా రెండు మూడు రోజులు పట్టొచ్చు. నొక్కినా బుడగలు రాకపోతే, లేదా సంచి చిట్లి ఉంటే సంచి మార్పించాలి. అది పాత పెన్నులు బాగుచేసేవాళ్ల పని. హైదరాబాద్ వెళ్లినప్పుడు అబిడ్స్‌లో దక్కన్ పెన్ స్టోర్స్‌లో చూపించి అడగండి. ముందున్న కవచాన్ని మాత్రం పట్టకారుతో తిప్పొద్దు. పాత ప్లాస్టిక్, అతుకు పట్టి ఉంటుంది, చిట్లితే మళ్లీ దొరకడం కష్టం. ఇప్పుడు హీరో 616 పేరుతో అమ్మే వాటిలో నకిలీలు చాలా ఉన్నాయి, కాబట్టి ఇంట్లో ఉన్న పాతదాన్ని కాపాడుకోవడమే తెలివి.

కలెక్షన్ గురించి నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒకే మోడల్‌ను ఎనిమిది రంగుల్లో కొనడం నాకు నచ్చదు. డబ్బా నిండుతుంది గానీ మీకు కొత్తగా తెలిసేదేమీ ఉండదు. ఇంకు నింపే పద్ధతిని బట్టి పోగు చేయండి. కన్వర్టర్‌ది ఒకటి, పిస్టన్‌ది ఒకటి, వాక్యూమ్‌ది ఒకటి, వెనక గుండీని పదేపదే నొక్కి నింపే వింగ్ సంగ్ 601 ఒకటి, బాడీలోకి నేరుగా డ్రాపర్‌తో పోసే మూన్‌మ్యాన్ ఎం2 లాంటిది ఒకటి. మూన్‌మ్యాన్ పేరు ఇప్పుడు మాజోన్‌గా మారింది, వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ వెతకండి. డ్రాపర్ పెన్నుకు మరచుట్ల మీద సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. వ్యాజలీన్ వాడితే రబ్బరు రింగు ఉబ్బి పాడవుతుంది. ఈ ఐదు రకాలూ చేతిలో పడేసరికి ఇంకు పెన్ను ఎలా పనిచేస్తుందో మీకు పూర్తిగా అర్థమవుతుంది, ఆరో పెన్ను ఎందుకు కొంటున్నారో తెలిసి కొంటారు. చైనా వాటి పక్కన రాజమండ్రి రత్నం పెన్ను ఒకటి పెట్టుకోండి. 1932 నుంచి చేస్తున్నారు. దాని ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) ఫీడ్‌కూ వీటి ప్లాస్టిక్ ఫీడ్‌కూ ఇంకు దిగే తీరులో తేడా రాసి చూస్తే చేతికే తెలుస్తుంది.

ఎన్ని ఉన్నా ఒకేసారి మూడింటికి మించి ఇంకు పొయ్యొద్దు. మిగతావి కడిగి, బట్ట మీద పాళీ కిందికి పెట్టి రాత్రంతా ఆరనిచ్చి డబ్బాలో పెట్టండి. ఒక చిన్న బుక్కులో పెన్నుకో పేజీ పెట్టి, ఏ రోజు ఏ ఇంకు పోశారో, పాళీకి ఏం చేశారో, మూడు రోజుల తర్వాత ఎలా రాసిందో ఆ పెన్నుతోనే రాసుకోండి. ఏ పెన్ను ఉంచుకోవాలో, ఏది ఎవరికైనా ఇచ్చెయ్యాలో ఆ బుక్కు చూస్తే తేలిపోతుంది.

కొనే చోటు. ఒకప్పుడు అందరం అలీ ఎక్స్‌ప్రెస్‌లో తెప్పించేవాళ్లం. 2020 నవంబరులో మన ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఇప్పుడు ఇక్కడి ఆన్‌లైన్ సైట్లు, మన దేశంలోని పెన్నుల షాపులే దారి. ఒకే పెన్నుకు ఒక్కోచోట రెట్టింపు ధర కూడా కనపడుతుంది, కాబట్టి మూడు నాలుగు చోట్ల చూసి, వాపసు తీసుకునేవాళ్ల దగ్గరే కొనండి. అదనపు కన్వర్టర్ కొంటే మూతి కొలత చూసుకోండి. చైనా పెన్నుల్లో 2.6, 3.4 మిల్లీమీటర్లని రెండు రకాలున్నాయి, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. పార్శిల్ వచ్చాక ఇంకు పొయ్యకముందే బాడీ మీద, మూత అంచున సన్న పగుళ్లు ఉన్నాయేమో వెలుతురుకు పెట్టి చూడండి, భూతద్దంలో పాళీ చూడండి. గుండు ఒక రెక్క మీద పెద్దగా, ఇంకో రెక్క మీద చిన్నగా ఉంటే, లేదా చీలిక మధ్యలో కాకుండా పక్కకు పోయి ఉంటే గోరుతో ఒత్తినా లాభం లేదు. ఇంకు తగలకముందే ఫోటో తీసి తిప్పి పంపండి. ఒకసారి ఇంకు పోశాక వాపసు తీసుకోరు.